అనంతపురంలో 865 మెగాహెర్ట్జ్ ప్రయోగాలకు ఏ ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) బోర్డు తీసుకోవాలి? ఒక్కటే కొనగలం

ఈసీఈ_బెంచ్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఈసీఈ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. వేరుశనగ చేలో నేల తేమ కొలిచి లోరా అనే రేడియో పద్ధతిలో పంపే నోడ్లు మూడు, వాటిని అందుకునే గేట్‌వే ఒకటి పెట్టాం. అవి నడుస్తున్నాయి. ఇప్పుడు కావలసినవి రెండు. ఒకటి, ఆ ప్యాకెట్లు గాల్లో ఎలా ఉంటాయో తెర మీద చూసి, రికార్డు చేసి, డీకోడ్ చేయడం. రెండు, గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా క్యూపీఎస్‌కే (ఫేజ్ మార్చి ఒక్కో సింబల్‌లో రెండు బిట్లు పంపే పద్ధతి) మోడెమ్ కట్టి, పంపి, అందుకోవడం.

డిపార్ట్‌మెంట్ ఒక్క బోర్డుకే ఒప్పుకుంది. హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్, ఆడాల్మ్ ప్లూటో, లైమ్‌ఎస్‌డీఆర్ మినీ చూశాం. ల్యాబ్‌లో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్ (అందుకోవడానికి మాత్రమే) ఒకటి ముందే ఉంది. ఒక్కో శాంపిల్‌ని కొలిచే 8 బిట్లకీ 12 బిట్లకీ మా పనిలో నిజంగా తేడా ఉంటుందా? బోర్డుతో పాటు ఇంకేం కొనాలి? డాంగిల్ పెట్టి చూస్తే 865 దగ్గర గెయిన్ పెంచేకొద్దీ అడుగున ఉన్న నాయిస్ అంతా లేచి, చేలోని నోడ్లు అందులో మునిగిపోతున్నాయి. అది డాంగిల్ లోపమా?

బేస్‌బ్యాండ్_కర్నూలు

మొదటి పనికి మీ డాంగిలే చాలు. బోర్డును తేల్చేది రెండోది, అంటే మోడెమ్.

హ్యాక్‌ఆర్‌ఎఫ్ 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, సెకనుకు 2 కోట్ల శాంపిళ్లు ఇస్తుంది. శానా మంది కళ్లు మూసుకుని దాన్నే కొంటారు. కానీ అది హాఫ్ డ్యూప్లెక్స్. పంపేటప్పుడు అందుకోలేదు, అందుకునేటప్పుడు పంపలేదు. మోడెమ్ రాసేవాళ్లకు మొదటి నెలంతా కావలసింది ఒకే బోర్డులో పంపే పోర్టు నుంచి అందుకునే పోర్టుకు కేబుల్ వేసి చూసుకోవడం, అది దానితో కుదరదు. ప్లూటో ఫుల్ డ్యూప్లెక్స్. అందులో ఏడీ9363 చిప్, 12 బిట్లు, 325 నుంచి 3800 మెగాహెర్ట్జ్. మీ 865 అందులోనే ఉంది కాబట్టి సెట్టింగు మార్చి 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్‌కి పెంచుకునే చిట్కా మీకు అక్కర్లేదు. లైమ్ మినీ కూడా ఫుల్ డ్యూప్లెక్సే, యూఎస్‌బీ 3 కూడా ఉంది. కానీ మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ప్లూటో మీద దొరికే పాఠాలు, ఉదాహరణలు ఎక్కువ. నా మాట ప్లూటో తీసుకోండి.

ప్లూటోలో మోసపోయే చోటు ఒకటుంది. చిప్ సెకనుకు 6 కోట్ల శాంపిళ్ల దాకా పోతుందని కాగితం మీద ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్‌కి వచ్చే దారి యూఎస్‌బీ 2. ఒక్కో శాంపిల్‌లో ఐ, క్యూ అని రెండు భాగాలు, ఒక్కోదానికి రెండు బైట్లు, మొత్తం నాలుగు. ఆగకుండా నడపాలంటే సెకనుకు 40, 50 లక్షల శాంపిళ్ల దగ్గరే ఆపుకోవాలి. పంపడం, అందుకోవడం ఒకేసారి పెడితే ఆ దారినే రెండూ పంచుకుంటాయి. మీ పనికి 10 లక్షలు చాలు. ఇంకోటి, రేటు 20.83 లక్షల కంటే తగ్గించాలంటే చిప్ లోపలి ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ వేయాలి. గ్నూ రేడియో బ్లాకులో ఫిల్టర్‌ని ఆటోలో పెడితే అదే వేసుకుంటుంది. ఆఫ్‌లో ఉంచి 10 లక్షలు అడిగితే ఎర్రర్ వస్తుంది, బోర్డు చెడిందనుకుంటారు.

8 బిట్లు, 12 బిట్ల సంగతి. 8 బిట్లంటే సిద్ధాంతం ప్రకారం 50 డీబీ, 12 బిట్లంటే 74 డీబీ. కానీ లోరా వెడల్పు 125 కిలోహెర్ట్జే. సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీసుకుని ఆ 125కి వడగడితే ఇంకో 13 డీబీ దాకా కలిసొస్తుంది. కాబట్టి బిట్ల తేడా బయటపడేది మీరు తీసుకున్న ఆ ఫ్రీక్వెన్సీ కిటికీలోనే బలమైన సిగ్నల్ ఒకటి, బలహీనమైనది ఒకటి పక్కపక్కన ఉన్నప్పుడు. మీరు చెప్పిన నాయిస్ లేవడం అది కాదు. అది ముందు భాగంలో, ట్యూనర్ ఆంప్లిఫయర్‌లో జరుగుతున్నది. దాని గురించి ఇక్కడ బాగా తెలిసినవాళ్లున్నారు, చెప్తారు.

బోర్డుతో పాటు కొనవలసినవి: 30 సెంటీమీటర్ల ఆర్‌జీ316 కేబుళ్లు రెండు, రెండు చివరలా ఎస్‌ఎంఏ మేల్ కనెక్టర్లు. 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) ఒకటి, 20 ఒకటి, 10 ఒకటి. యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్స్ డమ్మీ లోడ్ ఒకటి. డబ్బు సరిపోకపోతే కేబుళ్లలో ఒకటి తగ్గించండి గానీ 30 డీబీ అటెన్యుయేటర్ మాత్రం వదలొద్దు. ప్లూటో గరిష్ఠంగా 7 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్ కొలత) పంపుతుంది, అదే చిప్ అందుకునే వైపు 2.5 డీబీఎం మించి తట్టుకోదు. నేరుగా కేబుల్ తగిలిస్తే తన దెబ్బ తనకే తగులుతుంది. 30 డీబీ మధ్యలో పెడితే అందుకునే వైపు మైనస్ 23 డీబీఎం.

దీన్ని ఇంకా ప్రమాదకరం చేసేది గ్నూ రేడియో బ్లాకు. పంపే బ్లాకు, అంటే ప్లూటో సింక్‌లో ఉండే గడి గెయిన్ కాదు, అటెన్యుయేషన్. అక్కడ సున్నా వేస్తే పవర్ లేనట్టు కాదు, మొత్తం పవర్ వదిలినట్టు. సున్నా నుంచి 89.75 దాకా 0.25 అడుగుల్లో ఉంటుంది. 40తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. బ్లాకుకి ఇచ్చే సిగ్నల్ ఎత్తు 0.5 దగ్గర ఉంచండి. సింబళ్ల ఆకారాన్ని మలిచే రూట్ రెయిజ్డ్ కొసైన్ ఫిల్టర్ తర్వాత శిఖరాలు పైకి పొడుచుకొస్తాయి, 1 దాటితే కత్తిరించినట్టై పక్క ఛానెళ్లలోకి చిమ్ముతుంది.

పిట్టగోడ_ఆంటెన్నా

తమ్ముడూ, నాయిస్ లేవడం డాంగిల్ లోపం కాదు, నీ పక్కనున్న టవర్. మొబైల్ 850 బ్యాండ్‌లో టవర్ పంపేది 869 నుంచి 894 మెగాహెర్ట్జ్. నీ లోరా ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985. మధ్యలో ఉండేది మూడు మెగాహెర్ట్జే. నీ ప్రోగ్రాం కిటికీలో టవర్ కనిపించకపోవచ్చు, కానీ ట్యూనర్ మొదటి ఆంప్లిఫయర్‌కి ఆ కిటికీ సంగతి తెలియదు. యాంటెన్నాలో వచ్చిందంతా అది మింగాల్సిందే. మింగలేక అది వంకరపోతే, ఆ వంకరే నీకు నాయిస్‌గా, లేని గుట్టలుగా కనిపిస్తాది.

తేల్చుకోవడం తేలిక. యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టు. నిజమైన సిగ్నల్ 10 డీబీయే దిగుతుంది. ఆంప్లిఫయర్‌లో బలమైన సిగ్నళ్ల మూడో తరగతి కలగలుపు వల్ల పుట్టిన దొంగ సిగ్నల్ 30 డీబీ దిగుతుంది, అంటే మాయమైపోతుంది. అటెన్యుయేటర్ పెట్టాక నీ నోడ్లు ముందుకంటే బాగా కనిపిస్తే ఇంక అనుమానమే లేదు.

మందు మొదట గెయిన్ తగ్గించడమే. ఆటో గెయిన్ తీసెయ్. వీ3లో 0 నుంచి 49.6 దాకా మెట్లుంటాయి. సున్నా నుంచి ఒక్కో మెట్టూ ఎక్కు. యాంటెన్నా తగిలించినప్పుడు, తీసినప్పుడు అడుగు నాయిస్‌లో తేడా కనిపించడం మొదలైన మెట్టు దగ్గర ఆగు. ఆ పైన ఎక్కేదంతా టవర్‌కి పెట్టే మేతే.

868 సా ఫిల్టర్ (ఒక ఇరుకు బ్యాండ్‌నే వదిలేది) అని దొరుకుతాయి, జాగ్రత్త. వాటిలో ఎక్కువ 863 నుంచి 870 దాకా వదులుతాయి, అంటే టవర్ బ్యాండ్ మొదటి మెగాహెర్ట్జ్ లోపలికొచ్చేస్తుంది. మిగతా 24 మెగాహెర్ట్జ్‌ని కోసేస్తుంది కాబట్టి పెట్టడం మంచిదే, కానీ పూర్తిగా నయమైపోతుందని అనుకోవద్దు.

దానికన్నా పైసా ఖర్చులేని పని చోటు మార్చడం. మేడ మీద అందరూ యాంటెన్నాని వాటర్ ట్యాంక్ నెత్తిన కడతారు, టవర్‌కి ఎదురుగా. నీ చేను టవర్‌కి వ్యతిరేక దిక్కులో ఉంటే, యాంటెన్నాని మెట్ల గది గోడకి చేను వైపు, టవర్‌కి గోడ అడ్డం పడేట్టు కట్టు. కాంక్రీటు, లోపలి ఇనుము కలిసి నీకు ఉచిత ఫిల్టర్. టవర్ సిగ్నల్ తగ్గుతూ నోడ్ సిగ్నల్ తగ్గని చోటు దొరికిందాకా రెండు మూడు చోట్లు పెట్టి చూడు.

యాంటెన్నా కొనవద్దు, చేసుకో. నాలుగు రంధ్రాల ఎస్‌ఎంఏ ఫీమేల్ చాసిస్ కనెక్టర్ ఒకటి, 1.5 మిల్లీమీటర్ల ఒంటి రాగి తీగ అర మీటరు. నడిమి పిన్నుకి 82 మిల్లీమీటర్ల తీగ నిలువుగా టంకం వెయ్. నాలుగు రంధ్రాలకీ 90 మిల్లీమీటర్ల తీగలు నాలుగు, 45 డిగ్రీలు కిందికి వంచు. టంకం నడిమి పిన్ను చుట్టూ పొంగి బాడీకి తగలకుండా మల్టీమీటర్‌తో చూసుకో. తర్వాత వాన తగలకుండా మొదట్లో కొంచెం సిలికాన్.

కేబుల్ దగ్గర శానా మంది డబ్బులు పోగొట్టుకుంటారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ58 మీటరుకి అర డీబీ తినేస్తుంది, పది మీటర్లకి 5 డీబీ. కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ6 మీటరుకి 0.2 దగ్గర. అది 75 ఓమ్స్ కదా అంటారు. 50కీ 75కీ పొంతన లేక పోయేది 0.2 డీబీ కూడా ఉండదు. అందుకునే పనికి ఆర్‌జీ6, చివరన ఎఫ్ నుంచి ఎస్‌ఎంఏ మార్చే అడాప్టర్, అంతే.

ఇంకొక్కటి. రౌటర్ యాంటెన్నాలు ఎస్‌ఎంఏ లాగే ఉంటాయి, మర బిగుసుకుంటాది కూడా. కానీ అవి ఆర్‌పీ-ఎస్‌ఎంఏ, లోపల పిన్ను ఉండాల్సిన చోట రంధ్రం ఉంటాది. రెండు రంధ్రాలు ఎదురెదురు పడితే కరెంటు యాడ పోతుంది? బిగించే ముందు లోపలికి ఒక్కసారి చూడు.

వాటర్‌ఫాల్

లోరా చూడడం గురించి ఒక మాట, ఇది చెప్పకపోతే రోజంతా తెర చూసినా గీతలు కనపడవు. ఎస్‌ఎఫ్7 (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7), 125 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో చిర్ప్ (ఫ్రీక్వెన్సీ ఏటవాలుగా పాకే ముక్క) 1.024 మిల్లీసెకన్లు. సెకనుకు 10 లక్షల శాంపిళ్లు, ఎఫ్‌ఎఫ్‌టీ (స్పెక్ట్రం లెక్కకు తీసుకునే శాంపిళ్లు) 1024 పెడితే వాటర్‌ఫాల్ తెరలో ఒక్కో వరుసే ఒక మిల్లీసెకను. చిర్ప్ మొత్తం ఒకే వరుసలో పడి, ప్యాకెట్ 125 కిలోహెర్ట్జ్ వెడల్పున ఒట్టి ముద్దలా కనిపిస్తుంది. ఎఫ్‌ఎఫ్‌టీని 128కి తగ్గించండి, ఒక్కో చిర్ప్‌కి ఎనిమిది వరుసలు వస్తాయి, ఏటవాలు తేలుతుంది. లేదా నోడ్‌ని ఎస్‌ఎఫ్12కి మార్చండి. చిర్ప్ 32.8 మిల్లీసెకన్లు అవుతుంది, 1024తోనే స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు అందం రికార్డు చేసిన ఫైలుని ఇన్‌స్పెక్ట్రం అనే ప్రోగ్రాంలో తెరిచినప్పుడు. లోరావాన్ (లోరా మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతి) నోడ్ అయితే మొదట పైకి పోయే చిర్ప్‌లు ఎనిమిది ఒకే తీరున, తర్వాత సింక్ వర్డ్‌వి రెండు కాస్త పక్కకు జరిగి, ఆ తర్వాత కిందికి దిగేవి రెండుంపావు. ఆ పావు ముక్కని కంటితో చూశాక సింక్ ఎలా పడుతుందో పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. డీకోడ్‌కి ఈపీఎఫ్ఎల్ వాళ్ల జీఆర్-లోరా-ఎస్‌డీఆర్ వాడండి. లోరావాన్ డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, డీకోడ్ అయినా లోపల తేమ అంకె కనపడదు. మీ నోడ్లే కాబట్టి ఒకదాన్ని మామూలు లోరాలో పెట్టి, తెలిసిన మాట పంపి సరిచూసుకోండి.

ఈసీఈ_బెంచ్ (అనంతపురం)

అన్నలూ, పెద్దలూ, ఒక్కొక్కటీ చేసి చూశాం. యాంటెన్నాని మెట్ల గది చాటుకి మార్చి గెయిన్ తగ్గించాక మూడు నోడ్లూ తేటగా వస్తున్నాయి. ప్లూటో వచ్చింది. 30 డీబీ పెట్టి లూప్‌బ్యాక్ (పంపింది అదే బోర్డు అందుకోవడం) చేస్తే కాన్‌స్టలేషన్‌లో, అంటే సింబళ్లని చుక్కలుగా చూపే బొమ్మలో, నాలుగు చుక్కలు నిలకడగా ఉన్నాయి.

ఇప్పుడు చిక్కు. అదే ప్లూటో సిగ్నల్‌ని కేబుల్, 50 డీబీ అటెన్యుయేటర్లతో డాంగిల్‌కి ఇస్తే నాలుగు చుక్కలకు బదులు గుండ్రంగా గాజులా వస్తోంది. రెండు వైపులా సెకనుకు 10.24 లక్షల శాంపిళ్లు, సింబల్‌కి 8 శాంపిళ్లు, రోలాఫ్ 0.35. ఫేజ్ సరిచేసే కాస్టాస్ లూప్ ఉంది. లూప్ బ్యాండ్‌విడ్త్ పెంచితే ఒక్కోసారి నాలుగు చుక్కలు వస్తాయి గానీ డేటా చెత్త. ఇంకో ప్రశ్న, ప్లూటోకి యాంటెన్నా పెట్టి చేను దాకా పంపి చూడొచ్చా?

బేస్‌బ్యాండ్_కర్నూలు

గాజు అంటే ఫ్రీక్వెన్సీ తేడా. లూప్‌బ్యాక్‌లో రాకపోవడానికి కారణం, అక్కడ పంపే వైపు, అందుకునే వైపు రెండూ ఒకే 40 మెగాహెర్ట్జ్ గడియారం మీద నడుస్తాయి. గడియారం ఎంత తప్పు చెప్పినా ఇద్దరూ అదే తప్పు చెప్పుకుంటారు, తేడా సున్నా. మీ మోడెమ్‌కి నిజమైన పరీక్ష ఇప్పుడే మొదలైంది.

లెక్క చూడండి. ప్లూటో గడియారం 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) దాకా తప్పవచ్చు. 865.5 మెగాహెర్ట్జ్ దగ్గర అది 21.6 కిలోహెర్ట్జ్. వీ3 డాంగిల్‌ది 1 పీపీఎం, 0.9 కిలోహెర్ట్జ్ లోపే. మీ సింబల్ రేటు సెకనుకు 1,28,000. క్యూపీఎస్‌కేలో సింబల్ రేటులో ఎనిమిదో వంతు, అంటే 16 కిలోహెర్ట్జ్ దాటిన తేడాని కాస్టాస్ లూప్ సరిగ్గా గుర్తుపట్టలేదు. నాలుగో వంతు, 32 కిలోహెర్ట్జ్ దగ్గర దొంగ లాక్ పడుతుంది: ఒక్కో సింబల్‌కి సరిగ్గా 90 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చుక్కలు నాలుగే కనిపిస్తాయి, బిట్లన్నీ తప్పు. మీరు లూప్ పెంచినప్పుడు చూసింది అదే.

ముందు తేడా ఎంతో కొలవండి. ప్లూటో నుంచి మోడెమ్ తీసేసి 100 కిలోహెర్ట్జ్ కాంప్లెక్స్ టోన్ పంపండి. మధ్య బిందువులో పంపితే ప్లూటో లీకేజీ గీతతో కలిసిపోయి తికమక అవుతుంది, అందుకే 100. ల్యాబ్‌లో ఫ్యాన్ కింద రెండు బోర్డులూ ఇరవై నిమిషాలు నడిచి వేడెక్కాక మాత్రమే చదవండి. వేసవి మధ్యాహ్నం కిటికీ పక్కన కొలిచినదీ, పొద్దున కొలిచినదీ ఒకటి కావు. 865.6 దగ్గర ఉండాల్సిన గీత, ఉదాహరణకి, 18 కిలోహెర్ట్జ్ పైన కనిపించిందనుకోండి. 18,000ని 865.5తో భాగిస్తే 20.8 పీపీఎం. అంటే ప్లూటో గడియారం నిజానికి 4,00,00,832 హెర్ట్జ్. ఆ అంకెని ప్లూటో సెట్టింగుల్లో ఎక్స్‌ఓ (గడియారం) కరెక్షన్‌గా ఇచ్చి రీబూట్ చేయండి.

ఆ తర్వాత కూడా ఒకటి రెండు కిలోహెర్ట్జ్ మిగులుతుంది, వేడితో కదులుతుంది. అందుకని అందుకునే వైపు వరుస ఇలా పెట్టండి: ఎత్తు సరిచేసే ఏజీసీ, తర్వాత ఫ్రీక్వెన్సీ తేడా తీసే ఎఫ్‌ఎల్‌ఎల్ బ్యాండ్ ఎడ్జ్, తర్వాత టైమింగ్ పట్టే సింబల్ సింక్, ఆ తర్వాతే కాస్టాస్. ఎఫ్‌ఎల్‌ఎల్‌కి సింబల్‌కి 8 శాంపిళ్లు, రోలాఫ్ 0.35, లూప్ బ్యాండ్‌విడ్త్ 0.06తో మొదలుపెట్టండి, లాక్ పడ్డాక తగ్గించుకోవచ్చు. సింబల్ సింక్‌ని తీసేయొద్దు. అదే గడియారం తప్పు శాంపిళ్ల రేటుకీ అంటుతుంది: 20.8 పీపీఎం అంటే సెకనుకు రెండున్నర సింబళ్లకు పైగా జారిపోతుంది. లూప్‌బ్యాక్‌లో ఇదీ దాక్కునే ఉంటుంది. చుక్కలు క్రమంగా మధ్యకు కుంగి మళ్లీ విచ్చుకుంటుంటే అది సింబల్ టైమింగ్, గుండ్రంగా తిరుగుతుంటే ఫ్రీక్వెన్సీ. ఈ రెండిటినీ కంటితో విడదీయడం వస్తే సగం పని అయినట్టే.

కొలత సరిపోయిందో లేదో మోడెమ్ నడుస్తుండగానే చూడాలంటే, అందుకున్న సిగ్నల్‌ని నాలుగో ఘాతానికి పెంచి ఎఫ్‌ఎఫ్‌టీ వేయండి. క్యూపీఎస్‌కే మార్పులన్నీ చెరిగిపోయి ఒక గీత లేస్తుంది, అసలు తేడాకి నాలుగింతల దూరంలో. 72 కిలోహెర్ట్జ్ దగ్గర లేస్తే తేడా 18. అటూ ఇటూ 128 కిలోహెర్ట్జ్ దూరంలో చిన్న గీతలుంటాయి, అవి సింబల్ రేటువి, అన్నిట్లో ఎత్తైనదే తీసుకోండి.

పిట్టగోడ_ఆంటెన్నా

యాంటెన్నా ప్రశ్నకి నేను చెప్తా. పెట్టొద్దు తమ్ముడూ.

865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మన దేశంలో 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్, 2021లో దాన్ని 868 దాకా పెంచారు. 2005 నిబంధనల్లో 1 వాట్ ట్రాన్స్‌మిటర్ పవర్, 4 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నాతో కలిపి వెలువడే పవర్), 200 కిలోహెర్ట్జ్ వెడల్పు అని ఉంది. నీ సిగ్నల్ 128ని 1.35తో గుణిస్తే 173 కిలోహెర్ట్జ్, పవర్ 5 మిల్లీవాట్లే. అన్నీ లోపలే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ మినహాయింపు టైప్ అప్రూవల్ ఉన్న పరికరానికి. నీ లోరా మాడ్యూల్‌ని ఒక పని కోసం కట్టి, పరీక్షించి అమ్ముతారు. ప్లూటో ఖాళీ పలక లాంటిది, ఏం రాస్తే అది పంపుతుంది.

సాంకేతికంగా కూడా కారణముంది. ప్లూటో పంపే పోర్టు దగ్గర ఫిల్టర్ లేదు. 865.5 పంపితే దాని మూడో హార్మోనిక్ 2596.5 మెగాహెర్ట్జ్ కూడా బయటికొస్తుంది. ప్లూటో అందుకునే వైపుని ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పి, కేబుల్‌లోనే చూడు, నీ క్యూపీఎస్‌కే అక్కడా కనిపిస్తుంది. కాకపోతే గెయిన్ పెంచి మరీ చూడకు, తక్కువలోనే తెలుస్తుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఆ బొమ్మ పెడితే ఎగ్జామినర్‌కి నువ్వు కేబుల్‌లోనే ఎందుకు పనిచేశావో వేరే చెప్పక్కర్లేదు.

చేను దూరాన్ని అనుకరించాలంటే అటెన్యుయేటర్లే దూరం. ఖాళీ స్థలంలో 865 మెగాహెర్ట్జ్ ఒక కిలోమీటరుకి 91 డీబీ తగ్గుతుంది. చేతిలో 60 డీబీ ఉంది, ప్లూటో సింక్‌లో ఇంకో 30 వేస్తే 90. దూరం రెట్టింపు అయితే 6 కలుపు. నిజంగా గాల్లోకి పంపాలని ఉంటే టెలికం శాఖ పెట్టే అమెచ్యూర్ రేడియో పరీక్ష రాయండి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ ఈసీఈ పిల్లలకి కష్టం కాదు. సర్టిఫికెట్, లైసెన్స్ చేతికొచ్చాక 434 నుంచి 438 మెగాహెర్ట్జ్‌లో, ఫిల్టర్ పెట్టుకుని.

ఈసీఈ_బెంచ్ (అనంతపురం)

టోన్ పంపి కొలిచాం, 14.7 కిలోహెర్ట్జ్ కింద ఉంది. ఎక్స్‌ఓ 3,99,99,321 ఇచ్చి రీబూట్ చేశాం, ఎఫ్‌ఎల్‌ఎల్ వేశాం. డాంగిల్ మీద నాలుగు చుక్కలు నిలబడ్డాయి. ఒక్కటే మిగిలింది: ఆపి మళ్లీ నడిపిన ప్రతిసారీ బిట్లు వేరేగా వస్తున్నాయి. ఒకసారి అంతా సరిగ్గా, ఇంకోసారి అంతా తప్పు.

బేస్‌బ్యాండ్_కర్నూలు

అంకె సరిగ్గా ఉంది, మైనస్ 17 పీపీఎం. మిగిలింది తప్పు కాదు, క్యూపీఎస్‌కే స్వభావం. నాలుగు చుక్కల చతురస్రాన్ని 90 డిగ్రీలు తిప్పినా అదే చతురస్రం, కాస్టాస్‌కి ఏది మొదటి చుక్కో తెలిసే దారి లేదు. పంపే వైపు కాన్‌స్టలేషన్ మాడ్యులేటర్‌లో డిఫరెన్షియల్ ఎన్‌కోడింగ్ ఆన్ చేయండి. అందుకునే వైపు కాన్‌స్టలేషన్ డీకోడర్ తర్వాత డిఫరెన్షియల్ డీకోడర్, మాడ్యులస్ 4. దాని తర్వాత మ్యాప్ బ్లాకు, ఆ తర్వాతే బిట్లుగా విప్పడం. మ్యాప్‌లో వరుస పంపే వైపు కాన్‌స్టలేషన్‌లో ఇచ్చిన సింబల్ మ్యాప్‌తో సరిపోవాలి. 0, 1, 3, 2 అని ఒక చోట, 0, 1, 2, 3 అని ఇంకో చోట ఉంటే మళ్లీ సగం సింబళ్లు తప్పు వస్తాయి.